కదలాల్సింది బొమ్మ, పేజీ కాదు

తెర మీద ఒక వెబ్ పేజీలో రెండు మెనూలు పక్కపక్కనే పెట్టాను, చూడండి. బటన్ నొక్కగానే రెండూ అంచు నుంచి జారి వస్తాయి. వేగం ఒకటే, రంగు ఒకటే. కానీ ఎడమవైపుది తడబడుతూ వస్తోంది, కుడివైపుది నున్నగా వచ్చి నిలిచింది. తేడా అంతా పేజీ రూపాన్ని నిర్దేశించే భాష సీఎస్ఎస్‌లో ఒక్క వరుసలో ఉంది. ఎడమవైపు పెట్టె స్థానాన్ని చెప్పే 'లెఫ్ట్' విలువను మారుస్తున్నాను, కుడివైపు గీసేసిన పెట్టెను జరిపే 'ట్రాన్స్‌ఫార్మ్'ను.

లెఫ్ట్ మారిన ప్రతిసారీ బ్రౌజర్ ఏ పెట్టె ఎక్కడ కూర్చోవాలో మళ్లీ లెక్క కట్టుకోవాలి, ఆ పైన మళ్లీ రంగు వేయాలి. సెకనుకు 60 ఫ్రేములు చూపే తెర అయితే ఒక్కో ఫ్రేముకు దక్కేది సుమారు 16.7 మిల్లీసెకన్లే. ఆలోపు పని తెమలకపోతే ఆ ఫ్రేము గల్లంతే. ఈ తడబాటు అదే. ట్రాన్స్‌ఫార్మ్‌తో ఆ బాధ లేదు. బొమ్మను మళ్లీ గీయడానికీ, గీసిన కాగితాన్ని పక్కకు జరపడానికీ ఉన్నంత తేడా ఇది. పారదర్శకతను మార్చే 'ఒపాసిటీ' కూడా ఇంతే తేలిక. నిజం చెప్పాలంటే, మామూలు పేజీకి కావలసిన కదలికల్లో ఎక్కువ భాగం ఈ రెండింటితోనే అయిపోతాయి. ఎత్తు, వెడల్పు, మార్జిన్ (పెట్టె చుట్టూ వదిలే ఖాళీ) జోలికి వెళ్లే ముందు ఒకసారి ఆగండి.

ఇక విడ్జెట్లు, అంటే పేజీలో నొక్కి వాడుకునే చిన్న భాగాలు. నొక్కితే జవాబు తెరుచుకునే ప్రశ్నల వరుస కావాలా? పేజీ నిర్మాణాన్ని రాసే హెచ్‌టీఎంఎల్‌లో డీటెయిల్స్, సమ్మరీ అనే ట్యాగులు ఉన్నాయి. ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ ఒక్క అక్షరం కూడా అక్కర్లేదు. పేజీని కప్పే పెట్టె కావాలంటే డైలాగ్ ట్యాగ్ ఉంది. దాన్ని 'షోమోడల్' అనే జావాస్క్రిప్ట్ ఆదేశంతో తెరిస్తే ఎస్కేప్ నొక్కగానే మూతపడుతుంది కూడా. ఇవన్నీ వదిలేసి ఉత్త పెట్టె అయిన డివ్‌కు క్లిక్ తగిలించి దాన్నే బటన్ అనడం నాకు అస్సలు గిట్టదు. ట్యాబ్ కీ నొక్కి చూడండి, ఆ డివ్ దగ్గర ఆగదు. మౌస్ వాడలేని మనిషికి అది లేనట్టే.

బయటి నుంచి తెచ్చి అతికించే మ్యాపులు, వీడియోల సంగతి వేరు. ఐఫ్రేమ్, అంటే వేరే పేజీని మన పేజీలో చూపే చట్రం, ఆలస్యంగా వచ్చి కూర్చుంటుంది, మీరు చదువుతున్న వాక్యం కాస్తా కిందికి జారిపోతుంది. దానికి కావలసిన చోటును, వెడల్పు ఎత్తుల నిష్పత్తిని చెప్పే 'ఆస్పెక్ట్ రేషియో'తో ముందే కేటాయించండి. పేజీ అడుగున ఉండేదైతే 'లోడింగ్' లక్షణానికి 'లేజీ' అని ఇవ్వండి. చూడబోయే వేళకే దిగుతుంది.

చాలామంది దాటేసే విషయం ఒకటుంది. తెర మీద పెద్ద కదలికలు చూస్తే కొందరికి తల తిరుగుతుంది. అలాంటివారు ఫోనులోనో కంప్యూటర్‌లోనో కదలికలు తగ్గించమని సెట్టింగ్ పెట్టుకుంటారు. ఆ కోరిక మన కోడ్‌కు 'ప్రిఫర్స్ రెడ్యూస్డ్ మోషన్' అనే మీడియా క్వెరీ (వాడేవారి తెర, సెట్టింగులను బట్టి రూపం మార్చే సీఎస్ఎస్ షరతు) ద్వారా అందుతుంది. తనంతట తానే మొదలై ఐదు సెకన్లు దాటి కదిలేదానికి ఆపే బటన్ ఉండాలని వెబ్ ప్రమాణాలు కూడా చెబుతున్నాయి. మిణుకుమిణుకుమనే బ్లింక్ ట్యాగ్‌ను 2013లో ఫైర్‌ఫాక్స్ కూడా సాగనంపింది, పీడ విరగడైంది!

అలాగని ఆ క్వెరీ రాసి అన్నిటినీ ఒక్కసారిగా చంపేయకండి. జారి వచ్చే మెనూ జారకుండా నేరుగా కనబడితే చాలు. ఫారం పంపాక వచ్చే టిక్కు గుర్తు ఎగరకపోయినా, కనిపించి తీరాలి.