హైడ్రోజన్ బస్సు, కనిగిరి నీళ్లు

తమ్ముడు: నమస్కారం.  

అక్క: నమస్కారం. 

తమ్ముడు: ఇవాళ హైడ్రోజన్ షటిల్ బస్సులు. నెల్లూరు నుంచి కృష్ణపట్నం పోర్టుకి ఒక పాతిక కిలోమీటర్లు అనుకుందాం. షిఫ్టు బస్సులు పొద్దస్తమానం అదే రోడ్డు మీద తిరుగుతుంటాయి. అలాంటి వాటికి హైడ్రోజన్ బాగా కుదురుతుందని నా నమ్మకం. రోజూ ఒకే చోటికి తిరిగొస్తాయి కాబట్టి ఒక్క ఫిల్లింగ్ స్టేషన్ చాలు.

అక్క: ముందు బస్సు ఎట్లా నడుస్తుందో చెప్పు. అందరికీ తెలిసుండదు.

తమ్ముడు: పైకప్పు మీద సిలిండర్లు. వాటిలో 350 బార్ ఒత్తిడితో గ్యాస్. కారు టైరులో గాలి కంటే సుమారు 150 రెట్లు. ఫ్యూయల్ సెల్‌లో ఆ హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది, కరెంటు పుడుతుంది, మోటారు తిరుగుతుంది. వెనక నుంచి పొగ రాదు, నీటి ఆవిరి వస్తుంది. ఆ గ్యాస్‌ని సోలార్ కరెంటుతో నీళ్లను విడగొట్టి తీస్తే గ్రీన్ హైడ్రోజన్. లేహ్‌లో ఎన్టీపీసీ వాళ్లు అట్లాంటి బస్సులు ఐదు పెట్టారు. అంత ఎత్తులో, ఆ చలిలో.

అక్క: ఏ నీళ్లు?

తమ్ముడు: వచ్చేశావా అక్కా అక్కడికి.

అక్క: వస్తాను అబ్బయ్యా. నేను ఇప్పుడు మాట్లాడుతోంది కనిగిరి నుంచి. ఏ నీళ్లు, ఎన్ని నీళ్లు?

తమ్ముడు: కిలో హైడ్రోజన్‌కి తొమ్మిది లీటర్లు. బస్సు 100 కిలోమీటర్లకి ఎనిమిది, తొమ్మిది కిలోలు తాగుతుంది. పోర్టుకి నాలుగుసార్లు పోయొస్తే 200 కిలోమీటర్లు, అంటే ఒక 17 కిలోలు. నీళ్లు 150 లీటర్ల పైచిలుకు. మన ఇంటికొచ్చే 20 లీటర్ల క్యాన్లు ఎనిమిది. శుద్ధి చేసేటప్పుడు పోయేది కూడా కలుపుకుంటే దానికి రెట్టింపు వేసుకో.

అక్క: ఎనిమిది క్యాన్లు అని తేలిగ్గా అనేశావు. మా వీధిలో అది కొన్ని ఇళ్లకి ఒక రోజు తాగునీరు.

తమ్ముడు: ఒక పెద్ద బస్సు రోజంతా నడవడానికి అది తక్కువే కదా?

అక్క: తక్కువో ఎక్కువో కాదు నా ప్రశ్న. హైడ్రోజన్ తీసే మిషన్లో ఎలాంటి నీళ్లు పోయాలి?

తమ్ముడు: బాగా శుద్ధి చేసినవి. ఉప్పు, క్లోరైడ్, ఫ్లోరైడ్ ఏదీ ఉండకూడదు. ఉంటే లోపలి పొరలు పాడైపోతాయి.

అక్క: ఫ్లోరైడ్ ఉంటే మిషను పాడవుతుంది. అందుకని తీసేసి పోస్తారు. మా అమ్మ మోకాళ్లు ఎట్లా వంగిపోయాయో నువ్వు చూశావు కదా. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని పుస్తకాల్లో రాసుంది. మా చిన్నప్పటి బోరు దానికి ఎన్ని రెట్లో ఎవరూ మాకు చెప్పలేదు. బడిలో సగం మంది పళ్ల మీద గోధుమరంగు గీతలు. వెలిగొండ ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగింది 1996లో. అప్పటి నుంచి ఆ నీళ్ల కోసం చూస్తూనే ఉన్నాం.

తమ్ముడు: …

అక్క: నువ్వేమీ అనక్కర్లేదు. చెప్పాలనిపించింది, చెప్పాను.

తమ్ముడు: లేదక్కా, నాకు అర్థమైంది. నేను ఒక్క లెక్క చెప్తా, విను. బోరు నీళ్లు ముట్టుకోనక్కర్లేదు. కృష్ణపట్నం పక్కనే సముద్రం ఉంది. వెయ్యి లీటర్ల సముద్రపు నీటిని మంచినీళ్లు చేయడానికి మూడు నాలుగు యూనిట్లు. బస్సుకి రోజుకి 300 లీటర్లు అంటే ఒక యూనిట్ చిల్లర. ఆ 17 కిలోల హైడ్రోజన్ తీయడానికి మాత్రం తొమ్మిది వందల యూనిట్లు దాటుతాయి. ఖర్చంతా కరెంటుది. నీళ్లది అందులో లెక్కకే రాదు. అందుకే ఆ సముద్రపు నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు కట్టేటప్పుడు నాలుగింతలు పెద్దది కట్టి, చుట్టుపక్కల ఊళ్లకి కూడా ఇవ్వాలి. అది నేను గట్టిగా అడుగుతాను.

అక్క: ఇది బాగుంది. మిగిలిన చిక్కటి ఉప్పునీరు ఎక్కడ వదులుతారు? ఒడ్డునే వదిలితే వలల వాళ్ల గతేంటి? మైపాడు వాళ్లని ముందు అడగాలి.

తమ్ముడు: పైపు వేసి లోతుకి తీసుకెళ్లి, సముద్రంలో కలిసిపోయేలా వదలాలి. ఖర్చు అవుతుంది. అయినా చేయాల్సిందే.

అక్క: సరే. తొమ్మిది వందల యూనిట్లు అన్నావు. అదే బస్సు బ్యాటరీతో నడిస్తే?

తమ్ముడు: రెండొందల యాభై.

అక్క: మరి!

తమ్ముడు: ఉండు. బ్యాటరీ ఛార్జింగ్‌కి గంటలు పడుతుంది. దీనికి పది, పదిహేను నిమిషాలు. మూడు షిఫ్టులూ తిరగొచ్చు. మధ్యాహ్నం సోలార్ కరెంటు మిగిలిపోయినప్పుడు గ్యాస్ తీసి దాచుకోవచ్చు. పైగా పోర్టు లారీలు కూడా అదే స్టేషన్లో నింపుకుంటాయి. అసలు మన వైపు హైడ్రోజన్ కొత్తా? శ్రీహరికోటలో రాకెట్ల కోసం మైనస్ 253 డిగ్రీల దగ్గర ద్రవంగా పెట్టుకుంటున్నారు ఎన్నో ఏళ్లుగా. 2013లోనే ఇస్రో, టాటా కలిసి తమిళనాడులోని మహేంద్రగిరిలో హైడ్రోజన్ బస్సు నడిపి చూపించారు. నాకు గుర్తుంది, ఆ వార్త కత్తిరించి దాచుకున్నాను.

అక్క: రాకెట్ అనగానే నీ గొంతు మారిపోతుంది.

తమ్ముడు: మారుతుంది. షార్ నుంచి రాకెట్ లేస్తే మా మిద్దె మీద నుంచి కనపడేది అక్కా.

అక్క: లారీలకి హైడ్రోజన్ ఒప్పుకుంటా. పాతిక కిలోమీటర్ల షటిల్‌కి బ్యాటరీ చాలదా? మిగిలిన ఆరొందల యాభై యూనిట్లు నీళ్లు శుద్ధి చేయడానికి ఇస్తే ఎన్ని లీటర్లొస్తాయో లెక్క కట్టు.

తమ్ముడు: లక్షన్నర దాటుతుంది.

అక్క: ఒక్క బస్సు, ఒక్క రోజు. లక్షన్నర లీటర్లు.

తమ్ముడు: కానీ ఆ కరెంటు మధ్యాహ్నం మిగిలేదే అయితే…

అక్క: మధ్యాహ్నం మిగిలిన కరెంటుతో మంచినీళ్లు కూడా తీయొచ్చు. ట్యాంకులో దాచుకోవచ్చు. సిలిండరు కంటే ట్యాంకు చౌక.

తమ్ముడు: లారీల స్టేషన్ ఎట్లాగూ ఉంటుంది కదక్కా, షటిల్ కూడా దాంట్లోనే…

అక్క: ఎన్ని లారీలు? ముందు అది చెప్పు.

తమ్ముడు: కాగితం ఎక్కడ పెట్టాను… ఒక్క నిమిషం.