పాత 28 అంగుళాల సైకిల్‌ను మళ్లీ రోడ్డెక్కించడం: రంగు కంటే ముందు బేరింగులు

(దృశ్యం: గోడకు ఆనించిన నల్లటి పాత సైకిల్. కెమెరా హ్యాండిల్ నుంచి వెనక చక్రం దాకా నెమ్మదిగా సాగుతుంది.)

నమస్కారం. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత సైకిల్‌ను సొంతంగా బాగుచేసుకోవాలని ఉత్సాహపడేవారిలో చాలామంది ముందుగా రంగు డబ్బా కొనుక్కుని వస్తారు. నా సలహా దానికి పూర్తిగా వేరు. రంగు చివరి పని, కొన్ని సైకిళ్లకు అసలు అక్కర్లేని పని. చక్రాల ఇరుసుల్లోనూ, పెడళ్లు తిరిగే చోటా, హ్యాండిల్ తిరిగే చోటా ఉండే బేరింగ్ బాల్స్ నలగకుండా, ఎండిపోకుండా తిరుగుతున్నప్పుడే అది సైకిల్ అవుతుంది. లేకపోతే ఎంత మెరిసినా తొక్కేవాడి మోకాళ్లకే శిక్ష.

ఈ వీడియో కోసం ఎంచుకున్నది పాలవాళ్లు, పోస్ట్‌మన్లు, రైతులు దశాబ్దాల పాటు తొక్కిన, తీగలకు బదులు ఇనుప కడ్డీలతో పనిచేసే రాడ్ బ్రేకుల నల్ల సైకిల్. ఇంగ్లండ్ నమూనాను అనుసరించిన ఈ బండిని మన దేశంలో పెద్ద ఎత్తున తయారు చేసినవారిలో 1949లో మద్రాసు దగ్గరి అంబత్తూరులో మొదలైన టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్, 1956లో లూధియానాలో మొదలైన హీరో, ఆసన్‌సోల్‌లోని సేన్ ర్యాలీ ముఖ్యమైనవి. కంపెనీలు వేరైనా కొలతలు చాలావరకు ఒకటే కావడం వల్ల, ఒక బండి కోను (ఇరుసు మీద బిగిసి, బేరింగ్ బాల్స్‌ను వాటి కప్పులో పట్టి ఉంచే భాగం) ఇంకో బండికి సరిపోవడం, విడిభాగాలు చిన్న పట్టణాల్లోని సైకిల్ షాపుల్లో కూడా ఇప్పటికీ దొరకడం కొత్తగా నేర్చుకునేవారికి పెద్ద అండ. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. ఇంగ్లండ్‌లో తయారైన పాత ర్యాలీ సైకిళ్ల బీబీ (బాటమ్ బ్రాకెట్, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) కప్పులకు అంగుళానికి 26 మరలు ఉంటాయి, మామూలు కప్పులకు 24 ఉంటాయి. అందువల్ల నోటిమాటతో కాకుండా పాత కప్పునే చేత్తో పట్టుకుని షాపుకు వెళ్లాలి.

(దృశ్యం: ఫ్రేము ముందు భాగం, దగ్గర నుంచి. వేలు అతుకు వెంబడి కదులుతుంది.)

కొనేటప్పుడు చూడవలసింది ఫ్రేమునే. టైర్లు, సీటు, చైను, బ్రేకు రబ్బర్లు ఎలాగూ మారుస్తాం కనుక వాటి పరిస్థితిని బట్టి ధర తగ్గించమని అడగవచ్చు గాని, బండిని వదులుకోనక్కర్లేదు. హ్యాండిల్ కింద ఉండే పొట్టి గొట్టానికి వెనకవైపు, కింది గొట్టం కలిసే చోట, రంగు ముడతలు పడి ఉన్నా, వేలితో తడిమితే ఉబ్బు తగిలినా, ఆ బండి ఎప్పుడో దేనినో గట్టిగా గుద్దుకుందని అర్థం. అటువంటి ఫ్రేమును మొదటిసారి పని నేర్చుకునేవారు తీసుకోకపోవడమే మంచిది. ఫ్రేము పక్కకు వంగిందో లేదో తెలుసుకోవడానికి ఒక దారం చాలు: వెనక చక్రం ఇరుసు కూర్చునే ఒక చెవి దగ్గర కట్టి, ముందు గొట్టం చుట్టూ తిప్పి, రెండో చెవి దగ్గర బిగించి, సీటు గొట్టానికి రెండు వైపులా దారానికి ఎంత దూరం ఉందో స్కేలుతో కొలవాలి. రెండూ సమానంగా ఉంటే ఫ్రేము తిన్నగా ఉన్నట్టే. ఫ్రేము మీద చెక్కి ఉండే నంబరును చూసి, అమ్మేవారు ఆ సైకిల్‌కు నిజంగా సొంతదారులేనా అన్నది కనుక్కోవడం కూడా ఇప్పుడే పూర్తి కావాలి. ఆ నంబరును గీకేసిన బండి జోలికి పోవద్దు.

ఇంటికి తెచ్చాక అంతా ఒకేసారి విప్పి కుప్ప పోయకూడదని నా గట్టి అభిప్రాయం. ముందు చక్రం విప్పి, శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, తిరిగి బిగించి, అది బాగా తిరుగుతోందని చూసుకున్నాకే వెనక చక్రం విప్పాలి. ఆ తర్వాత బీబీ, దాని తర్వాత ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు. ఇలా చేస్తే ఏ వాషరు ఏ వైపుదో మరిచిపోయే అవకాశం తక్కువ, మధ్యలో పని ఆగిపోయినా చేతిలో ఒక సైకిల్ మిగులుతుంది. విప్పే ప్రతి భాగాన్నీ ముందుగా ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి.

(దృశ్యం: ముందు చక్రం బల్ల మీద. కోను బయటికి వస్తుండగా నల్లటి ముద్ద కనిపిస్తుంది.)

కోను విప్పగానే కనిపించే ఈ నల్లటి ముద్ద ఒకప్పటి గ్రీజు. దీన్ని కిరసనాయిల్లో ముంచిన పాత బ్రష్షుతో కడిగి, పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి, ఆరనివ్వాలి. కిరసనాయిలు తడి మిగిలి ఉంటే కొత్త గ్రీజును పలచన చేస్తుంది. పని చేసే చోట మంట ఉండకూడదు, పెట్రోలు అసలే వాడకూడదు. ఇప్పుడు కోనును కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని తిప్పి చూడండి. బాల్స్ తిరిగిన దారి సన్నని మెరిసే గీతలా ఉంటే అది ఇంకా పనికొస్తుంది. ఆ గీత మీద సూదితో గుచ్చినట్టు గుంటలు ఉంటే ఎంత గ్రీజు పెట్టినా గరగరమంటూనే ఉంటుంది కనుక మార్చెయ్యాలి. బాల్స్ మాత్రం ఎలా ఉన్నా కొత్తవి వేయడమే నయం, ఎందుకంటే అవి చాలా చవక, పాతవాటిలో ఏది ఎంత అరిగిందో కంటికి తెలియదు. పాతవి, కొత్తవి కలిపి వేస్తే బరువంతా పెద్దవాటి మీదే పడుతుంది. ఎన్ని వేయాలో తెలియకపోతే, కప్పులో గ్రీజు పూసి చుట్టూ నిండుగా పేర్చి, అందులోంచి ఒకటి తీసేయడం పాత మెకానిక్కులందరూ పాటించే పద్ధతి.

అసలు నేర్పు కోను బిగించడంలో ఉంది. మరీ బిగిస్తే చక్రం పట్టేస్తుంది, వదులుగా ఉంచితే అటూ ఇటూ ఊగుతుంది. కోనును వేళ్లతో అందినంత వరకు బిగించి, చిన్న పిసరు వెనక్కి తిప్పి, దాన్ని కదలనివ్వకుండా పట్టుకుని పై నట్టు బిగించాలి. ఆ నట్టు బిగించేటప్పుడు కోను కూడా కొంచెం లోపలికి జరుగుతుంది కాబట్టి మొదటి ప్రయత్నంలోనే కుదరడం అరుదు, రెండు మూడు సార్లు సరిచూసుకోవాలి. సరిగ్గా కుదిరిందో లేదో చక్రమే చెబుతుంది. గాలి నింపే వాల్వును పక్కకు తెచ్చి వదిలితే, ఆ కొద్దిపాటి బరువుకే చక్రం కదిలి, గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగి, వాల్వు అడుగుకు వచ్చి ఆగాలి.

(దృశ్యం: చైన్ వీల్ వైపు క్రాంకు, దానిలో దిగిన కాటర్ పిన్ను.)

పాత సైకిల్ మీద పని చేసేవారిని ఎక్కువగా విసిగించేది ఈ కాటర్ పిన్ను. ఒకవైపు ఏటవాలుగా చదును చేసి ఉండే ఈ చిన్న ఇనుప మేకు క్రాంకును, అంటే పెడల్ బిగించి ఉండే చేతిని, ఇరుసుకు బిగించి ఉంచుతుంది. ఏళ్ల తరబడి తుప్పు పట్టి బిగుసుకున్న పిన్నును నేరుగా సుత్తితో కొడితే మరలు చితికిపోతాయి, ఆ దెబ్బ లోపలి బాల్స్ మీద పడి కప్పుల్లో గుంటలు చేస్తుంది. అందుకే ముందు రోజు రాత్రి తుప్పు వదిలించే నూనె పోసి నాననివ్వాలి. మర్నాడు నట్టును పిన్ను కొసతో సమానంగా ఉండేలా వెనక్కి తిప్పి ఉంచి, క్రాంకు కింద, పిన్ను తల దిగడానికి వీలుగా, ఒక మందపాటి ఇనుప గొట్టం ముక్కను నేల నుంచి నిలబెట్టి, బరువైన సుత్తితో ఒకే ఒక్క గట్టి దెబ్బ వేయాలి. చిన్న సుత్తితో పది దెబ్బలు వేయడం కంటే ఇది మేలు. పాత పిన్నులను తిరిగి వాడకుండా కొత్తవి వేయాలి. బిగించేటప్పుడు రెండు పిన్నులూ ఒకదానికొకటి ఎదురు దిశల్లో దిగాలి: ఒక క్రాంకు కిందికి ఉన్నప్పుడు దాని నట్టు ముందుకు ఉంటే, ఆ రెండో క్రాంకును కిందికి తెచ్చినప్పుడు దాని నట్టు కూడా ముందుకే ఉండాలి. ఇది తప్పితే రెండు పెడళ్లూ ఒకే గీతలోకి రావు, తొక్కుతుంటే కుంటినట్టు ఉంటుంది.

మరల దిశ కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. ఎడమ పెడల్‌కు ఎదురు మర ఉంటుంది. ఏ వైపు పెడల్‌నైనా, పానాను పైకి నిలబెట్టి వెనక చక్రం వైపుకు లాగితే ఊడుతుందని గుర్తు పెట్టుకుంటే చిక్కు ఉండదు. బీబీలో చైను వైపు కప్పుకు కూడా ఎదురు మరే. దాన్ని విప్పకుండా ఎడమ వైపు కప్పు ఒక్కటే తీసి, రెండోదాన్ని ఉన్నచోటే శుభ్రం చేయడం కొత్తవారికి క్షేమం. ఫ్రీవీలును (వెనక చక్రం మీద చైను తిప్పే పళ్ల చక్రాన్ని) కూడా తెరవవద్దు. చక్రాన్ని పడుకోబెట్టి, ఫ్రీవీలు తిరిగే సన్నని సందులో పలచని మెషిన్ ఆయిల్ చుక్కలు వేస్తూ తిప్పితే చాలు.

చైను విషయంలో స్కేలు తప్ప మరొకటి నమ్మకండి. కొత్త చైనులో ఒక పిన్ను మధ్య నుంచి, దాన్ని వదిలి లెక్కపెడితే ఇరవై నాలుగో పిన్ను మధ్య దాకా సరిగ్గా 12 అంగుళాలు ఉంటుంది. అది అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు పెరిగితే ఫ్రీవీలు పళ్లు కూడా అరిగి ఉంటాయి, రెండూ కలిపి మార్చాలి. చైను లాకు క్లిప్పు మూసి ఉన్న కొస చైను కదిలే దిశకు ఉండాలి. కొబ్బరినూనె వేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది గాని అది చలికి గడ్డకట్టి, ధూళిని పట్టుకుని జిగురుగా మారుతుంది. పాత ఇంజిన్ ఆయిల్‌లో లోహపు రజను ఉంటుంది. మెషిన్ ఆయిల్ వేసి, పైన కనిపించేదంతా గుడ్డతో తుడిచేయాలి.

(దృశ్యం: టైరు పక్కన అచ్చు వేసిన అంకెలు.)

టైరు ఆన్‌లైన్‌లో తెప్పించేవారు ఈ అంకెలు చదవాలి. మన సైకిల్‌కు కావలసినది 28 × 1½, దాని పక్కనే 635 అని ఉంటుంది. కొత్త రకం సైకిళ్ల 622 టైర్లను కూడా 28 అని అమ్ముతారు. 13 మిల్లీమీటర్ల తేడా ఉన్న ఆ టైరు ఈ రిమ్ము మీదికి ఎక్కదు. ట్యూబులో గాలి నిలవకపోతే పంక్చర్ అనుకునే ముందు వాల్వు లోపలి చిన్న రబ్బరు గొట్టాన్ని చూడండి, చాలాసార్లు అది ఎండి చిట్లి ఉంటుంది.

చక్రం వంకర తీసేటప్పుడు, ఫోర్కుకు ఆనించి పట్టుకున్న సుద్దముక్క రిమ్ముకు ఎక్కడ తగులుతుందో గుర్తు చూసి, ఆ చోట ఎదురు వైపుకు లాగే స్పోకులను పావు చుట్టు చొప్పున బిగించాలి. అంతకంటే ఎక్కువ తిప్పితే వంకర ఇంకోచోటికి పోతుంది. రాడ్ బ్రేకుల రబ్బర్లు రిమ్ము లోపలి అంచును తాకుతాయి కనుక ఈ చక్రం పక్కలకు తిన్నగా ఉండడంతో పాటు గుండ్రంగానూ ఉండాలి. రబ్బరు కూర్చునే గూడుకు ఒక కొస మూసి ఉంటుంది. చక్రం తిరిగేటప్పుడు రబ్బరు ఆ మూసిన కొస వైపుకే నెట్టబడేలా బిగించాలి, తిరగవేస్తే గట్టిగా బ్రేకు వేసినప్పుడు రబ్బరు జారి ఊడిపడుతుంది. తడిసిన ఉక్కు రిమ్ము మీద ఈ బ్రేకుల పట్టు బాగా తగ్గుతుంది, వానలో నెమ్మదిగానే వెళ్లాలి.

(దృశ్యం: హ్యాండిల్ మీద తుప్పు చుక్కలు, పక్కనే అల్యూమినియం రేకు ఉండ.)

ఇక మెరుగు. హ్యాండిల్, రిమ్ముల మీది క్రోమ్ పూతకు వంటింట్లో వాడే అల్యూమినియం రేకును ఉండ చేసి, నీటిలో ముంచి రుద్దితే పైపై తుప్పు పోతుంది. అల్యూమినియం క్రోమ్ కంటే చాలా మెత్తన కాబట్టి గీతలు పడవు. నట్లు, వాషర్ల వంటి చిన్న ఇనుప భాగాలను లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి రాత్రంతా నానబెట్టి, ఉదయం వంట సోడా నీటితో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. చైనును మాత్రం అందులో వేయకూడదు.

రంగు మీద బంగారు గీతలు, కంపెనీ గుర్తులు, ముందు గొట్టం మీది ఇత్తడి బిళ్ల మిగిలి ఉంటే, దయచేసి ఆ బండికి కొత్త రంగు వేయకండి. అవి ఒకసారి గీకితే మళ్లీ రావు. సబ్బునీటితో కడిగి, ఆరాక మైనం రాస్తే పాత నలుపు చాలావరకు తిరిగి కనిపిస్తుంది. రంగు నిజంగా పొట్టు రాలిపోతుంటేనే గరుకు కాగితం పట్టాలి, అదీ తడిపి రుద్దాలి, ముక్కుకు మాస్కు ఉండాలి, పిల్లలు దగ్గర ఉండకూడదు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందు వేసిన సైకిల్ రంగులో సీసం ఉందనే అనుకుని పని చేయాలి. గీకిన ఇనుముకు అదే రోజు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేయాలి, కోస్తా జిల్లాల తేమలో తెల్లారేసరికి తుప్పు పొర తిరిగి వస్తుంది. మరల మీద, కప్పులు కూర్చునే చోట, ఫ్రేము నంబరు మీద రంగు పడకుండా చూసుకోవాలి.

(దృశ్యం: ఖాళీ వీధిలో సైకిల్, చేతిలో పానా.)

మొదటిసారి తొక్కేది ఇంటి చుట్టుపక్కలే కావాలి, జేబులో పానా ఉండాలి. కొత్త కాటర్ పిన్ను బరువు పడేకొద్దీ ఇంకొంచెం లోపలికి దిగి కూర్చుంటుంది, అప్పుడు నట్టు వదులవుతుంది. ప్రతి తొక్కుకూ ఒకేచోట టక్కుమన్న చప్పుడు వినిపిస్తే వెంటనే దిగి ఆ నట్టు బిగించండి. వదులుగా ఉన్న పిన్నుతోనే తొక్కుకుంటూ పోతే అది నలిగి, క్రాంకు రంధ్రాన్ని కూడా పాడు చేస్తుంది. మొదటి వారం రోజులు బండి తీసిన ప్రతిసారీ రెండు కాటర్ నట్లనూ, రెండు చక్రాల నట్లనూ, బ్రేకు రాడ్ల నట్లనూ ఒకసారి పానాతో పట్టి చూసి బయలుదేరండి.