సముద్రంలో దొరికిన ముక్క: కంటితో, సూదితో, ఉప్పునీళ్లతో గుర్తుపట్టడం

నమస్తే అండి. ముందు ఈ పళ్లెం చూడండి. ఒడ్డున అలలు వదిలిపోయిన చెత్తగీత దగ్గర దోసెడు ఇసుక తీసి, జల్లించగా మిగిలింది ఇది. ఇందులో ఉన్నదంతా ప్లాస్టిక్ కాదు. ఇదిగో, ఈ తెల్లటి తేలిక ముక్క థర్మోకోల్ అనుకుంటున్నారు కదా? గోటితో గీకుతున్నాను, పొడి రాలుతోంది. పక్కనుంచి చూస్తే సన్నటి పొరలు. ఇది కటిల్‌ఫిష్ ఎముక, ఆయుర్వేదంలో సముద్రఫేనం అంటారే, అదే. థర్మోకోల్ అయితే పూసలు పూసలుగా విడిపోతుంది.

5 మిల్లీమీటర్ల లోపు ముక్కల్ని మైక్రోప్లాస్టిక్ అంటాం. 2004లో సముద్రజీవ శాస్త్రవేత్త రిచర్డ్ థాంప్సన్ బృందం సైన్స్ పత్రికలో వాడాక ఆ మాట బాగా వాడుకలోకి వచ్చింది. సైజు రాసుకోండి, కానీ అక్కడే ఆగిపోకండి. నాకు కావాల్సింది ఇది ఎక్కడినుంచి వచ్చిందన్నది. అది చెప్పేది ఆకారమే.

ఈ పప్పుగింజంత గుళికలు చూడండి. వీటిని నర్డిల్స్ అంటారు. ఫ్యాక్టరీలో వీటినే కరిగించి వస్తువులు పోస్తారు. చేపగుడ్డు అని పొరబడొచ్చు, నొక్కి చూడండి. గుడ్డు చితుకుతుంది, నర్డిల్ చెక్కుచెదరదు. కొత్తది తెల్లగానో పారదర్శకంగానో ఉంటుంది, సముద్రంలో నానిన కొద్దీ పసుపు, గోధుమ రంగుకు తిరుగుతుంది. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ నౌక తగలబడినప్పుడు అందులో సుమారు 1,680 టన్నుల నర్డిల్స్ ఉన్నాయి. కాబట్టి నర్డిల్ దొరికితే వాడి పారేసినవాళ్లను తిట్టుకోకండి. అది ఫ్యాక్టరీలోనో రవాణాలోనో జారిపోయింది.

పెద్ద వస్తువు విరిగితే వచ్చేవి పెళుసు ముక్కలు. అంచు పదునుగా ఉంటే ఈమధ్యే విరిగింది, నున్నగా అరిగిపోతే చాలాకాలం తిరిగింది. పల్చటి పొరలు సంచులవి. వీటితో పెద్ద గొడవ లేదు.

గొడవంతా పోగులతోనే. ఇదిగో, భూతద్దం కింద ఈ నీలం పోగు. మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకే మందం ఉందా? రంగు అంతటా ఒకేలా ఉందా? లోపల కణాల గళ్లు, కణుపులు కనిపించకుండా ఉన్నాయా? మూడింటికీ అవునంటేనే ప్లాస్టిక్ అని అనుమానించాలి. ఇప్పుడు కాల్చిన సూది మొన దగ్గరగా తెస్తున్నాను... చూశారా, మెలికపడి ముడుచుకుపోయింది. నాచు, నూలు ఇలా కరగవు. కిటికీ తెరిచి చెయ్యండి, ఆ పొగ పీల్చకూడదు.

ఒకసారి ఇలాగే సంబరంగా పద్నాలుగు పోగులు లెక్కపెట్టాను. తీరా చూస్తే సగం నా స్వెటర్‌వే! అప్పటినుంచి పక్కన ఒక తడి ఫిల్టర్ కాగితం పెట్టుకుంటున్నాను. గాల్లోంచి దానిమీద ఎన్ని పోగులు పడ్డాయో కూడా లెక్క రాస్తాను.

ఇక ఉప్పునీళ్లు. మొదటి గ్లాసులో లీటరుకు 35 గ్రాముల ఉప్పు, అంటే ఇంచుమించు సముద్రపు నీళ్లే. ఒకే నీళ్ల సీసా మూత ముక్క, సీసా ముక్క వేస్తున్నాను. గాలి బుడగలు అంటుకుని మోసం చేస్తాయి, అందుకే ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు వేసి కలపాలి. మూత పాలిథిలీనో పాలిప్రొపిలీనో, తేలింది. సీసా పెట్ (PET) అనే ప్లాస్టిక్, మునిగింది. ఉపరితలంలో మూతలు ఎక్కువగా, అడుగున సీసాలు దొరకడానికి ఇదొక కారణం. రెండో గ్లాసులో లీటరుకు 360 గ్రాములు, ఇక కరగనంత ఉప్పు. మొదటి గ్లాసులో మునిగిన నైలాన్ వల పోగు, గట్టి పాలిస్టైరీన్ ముక్క ఇందులో పైకి తేలాయి. పెట్, పీవీసీ ఇందులోనూ మునుగుతాయి.

జంతువుల దగ్గరికి వద్దాం. చచ్చిపడిన తాబేలు కనిపిస్తే కత్తి పట్టుకోకండి. అనుమతి ఉన్నవాళ్లు చేసే పని అది. వాళ్లూ కడుపులో దొరికినదాన్ని ఇలాగే రకాలుగా వేరుచేస్తారు. ఉత్తర సముద్రంలో ఫుల్మర్ పక్షి కడుపే కాలుష్యానికి కొలబద్ద. 0.1 గ్రాము మించి ప్లాస్టిక్ ఉన్న పక్షులు నూటికి పది దాటకూడదన్నది ఓస్పార్ ఒప్పందం, అంటే ఈశాన్య అట్లాంటిక్‌ను కాపాడుకోవడానికి అక్కడి దేశాలు చేసుకున్న ఒప్పందం, కింద పెట్టుకున్న లక్ష్యం. తాబేళ్లు సంచుల్ని జెల్లీఫిష్ అనుకుని తింటాయంటారు. నాచు పట్టిన ప్లాస్టిక్ వాసనకు లాగర్‌హెడ్ తాబేళ్లు మేత వాసనకు స్పందించినట్టే స్పందించాయని 2020లో ఒక ప్రయోగంలో తేలింది. అంటే మోసపోయేది కన్నొక్కటే కాదు. చేపల పేగుల్ని ల్యాబ్‌లో 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెడతారు. మాంసం కరిగిపోతుంది, చాలా ప్లాస్టిక్‌లు మిగులుతాయి. చర్మం కాలిపోయే రసాయనం, ఇంట్లో వద్దు.

ఒక మిల్లీమీటరు కంటే చిన్నవైతే నా కన్ను నేనే నమ్మను. ఎఫ్‌టీఐఆర్, రామన్ యంత్రాలు కాంతిని పంపి ఏ ప్లాస్టికో చెబుతాయి. ఈ పళ్లెంలో అలాంటివి పదకొండు మిగిలాయి. పుస్తకంలో వాటి ఎదురుగా 'అనుమానం' అని రాసి, ఈ చిన్న సీసాలో వేస్తున్నాను. గాజు సీసా అండోయ్.