ఒక మడవ కడితే ఇంకో మడవ

శ్రోతలకు నమస్కారం.

నేను డాక్టర్నే గానీ, నాడి పట్టి చూసే డాక్టర్ని కాను. కడపలో ఒక ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చుంటాను. మీ ఒంట్లోంచి తీసిన గడ్డ ముక్క నా దగ్గరికి వస్తుంది, మీరు రారు. అందుకే నాకు మనుషుల మొహాల కంటే ముక్కలే ఎక్కువ గుర్తుంటాయి. ఒకాయన మాత్రం గుర్తుండిపోయాడు.

మైదుకూరు అవతల పల్లె ఆయనది. చేతిలో మూతపెట్టిన ప్లాస్టిక్ డబ్బా. భార్యకు రొమ్ములో గడ్డ. ముందురోజు మధ్యాహ్నం ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి తీసి, డబ్బాలో వేసి, 'కడపకు తీసుకుపో' అని చేతికిచ్చారట. మూత తీస్తే గడ్డ సెలైన్ నీళ్ళలో తేలుతోంది.

"ఫార్మలిన్ పోయలేదా?" అన్నాను.

"అదేంది మేడమ్?" అన్నాడు.

ఆయన తప్పేముంది చెప్పండి. ఫార్మలిన్ అంటే కండను కుళ్ళిపోకుండా ఉన్నది ఉన్నట్టు నిలిపే మందు నీళ్ళు. ఒంట్లోంచి తీసిన ముక్క గంటలోపల అందులో పడాలి. గడ్డ ఎంతుందో దానికి పది రెట్లు ఫార్మలిన్ ఉండాలి. సెలైన్‌లో రాత్రంతా ఉన్న గడ్డ లోపల చెడిపోతుంది. క్యాన్సర్ ఉందా లేదా అని చెప్పగలిగాను, ఉంది. కానీ ఏ రకం క్యాన్సర్, దానికి ఏ మందు పనిచేస్తుంది అన్నది ఆ ముక్క మీద నమ్మకంగా చెప్పలేకపోయాను.

ఏ మందు పనిచేస్తుంది అన్నదే ఈరోజు నా మాట.

మనకు కె.సి. కాలువ తెలుసు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు తీసుకుని మన పొలాల దాకా వస్తుంది. పొలానికి నీళ్ళు చాలనుకున్నప్పుడు రైతు ఏం చేస్తాడు? మడవ కట్టేస్తాడు. కట్టేసి ఇంటికిపోయి పడుకుంటే, తెల్లారేసరికి నీళ్ళు గట్టు పక్కన ఎలక బొక్క చూసుకుని మళ్ళీ పొలంలోకే దిగుంటాయి. రొమ్ము క్యాన్సర్ కణం అచ్చం ఆ నీళ్ళ మాదిరే. అది పెరగడానికి ఒక దారి ఉంటుంది. ఆ దారికి అడ్డంపడే మందు ఇస్తాం, కొంతకాలం ఆగుతుంది, తర్వాత ఇంకో దారి వెతుక్కుంటుంది. అందుకని రెండు దారులూ ఒకేసారి కడితే ఎట్లా ఉంటుంది అన్నదే ఇప్పుడు జరుగుతున్న పరిశోధన.

ఇందులో నాకు చాలా ఇష్టమైన కథ ఒకటుంది. హెర్ టూ కథ. నిదానంగా చెబుతాను.

కొన్ని రొమ్ము క్యాన్సర్ కణాల పైపొర మీద హెర్ టూ అనే ప్రొటీన్ విపరీతంగా మొలిచి ఉంటుంది. నూటికి పదిహేను, ఇరవై మందిలో ఇది కనిపిస్తుంది. 1987లో అమెరికాలో డెనిస్ స్లామన్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు ఈ హెర్ టూ జన్యువు ఎక్కువైనవాళ్ళకు జబ్బు తొందరగా తిరగబెడుతోందని చూపించారు. అప్పట్లో హెర్ టూ ఉందంటే చెడ్డవార్త. 1998లో దానిమీదికే గురిపెట్టిన మందు వచ్చింది, ట్రాస్టుజుమాబ్. పేరు పలకడానికి నాకే నాలుక మడతపడుతుంది, మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ఈ హెర్ టూ ఒంటరిగా ఉండేది కాదు. పక్కనున్న హెర్ త్రీ అనే ఇంకో ప్రొటీన్‌తో జతకడుతుంది. జతకట్టినప్పుడు కణానికి 'పెరుగు, పెరుగు' అని గట్టి కబురు పోతుంది. మొదటి మందు హెర్ టూను దాని మొదలు దగ్గర, అంటే కణం పొరకు దగ్గరగా పట్టుకుంటుంది. పట్టుకున్నా దాని చెయ్యి ఖాళీగానే ఉంది కదా, జోడీ కలుపుకోగలదు. అప్పుడు రెండో మందు తెచ్చారు, పెర్టుజుమాబ్. ఇది ఆ జతకట్టే చెయ్యినే పట్టుకుంటుంది. ఒకటి మొదలు పట్టుకుంది, ఒకటి చెయ్యి పట్టుకుంది.

జబ్బు ఒళ్ళంతా పాకిన 808 మందిని రెండు జట్లుగా చేసి పరీక్షించారు. అందరికీ మొదటి మందు, మామూలు కీమో ఇచ్చారు. సగం మందికి రెండో మందు కూడా కలిపారు, మిగతా సగానికి మందు లేని ఉత్త ఇంజెక్షన్ ఇచ్చారు. 2015లో లెక్క బయటపెట్టారు. రెండో మందు లేనివాళ్ళలో సగం మంది బతికిన కాలం 40.8 నెలలు. కలిపినవాళ్ళలో 56.5 నెలలు. పదిహేను నెలలకు పైనే తేడా. ఎనిమిదేళ్ళ తర్వాత చూస్తే, కలిపినవాళ్ళలో నూటికి 37 మంది బతికున్నారు, లేనివాళ్ళలో 23 మంది. ఒళ్ళంతా పాకిన జబ్బుతో, ఎనిమిదేళ్ళు! నేను చదువుకునే రోజుల్లో మా ప్రొఫెసరుకు ఎవరైనా ఈ మాట చెప్పుంటే నవ్వేవారు.

మరి ఏ రెండు కలిపినా ఇంతేనా? కాదండీ. ట్రాస్టుజుమాబ్‌కు ఒక రకం కీమోను అంటించి తయారుచేసిన మందుతో పెర్టుజుమాబ్‌ను కలిపి చూస్తే, పాత పద్ధతి కంటే ఎక్కువేమీ రాలేదు. అదే ట్రాస్టుజుమాబ్‌కు వేరే రకం కీమో అంటించిన మందుతో కలిపితే, 2025లో వచ్చిన ఫలితం చూడండి, జబ్బు ముదరకుండా నిలిచిన కాలం 26.9 నెలల నుంచి 40.7 నెలలకు పోయింది. కాగితం మీద రెండూ ఒకే మాదిరి ఆలోచనలే. పొలంలో దిగితే గానీ తెలియదు.

హెర్ టూ లేని, హార్మోన్ల మీద పెరిగే రకంలో ఇప్పుడు మూడు మడవలు కట్టి చూస్తున్నారు. హార్మోన్‌కు ఒక మందు, కణం రెండుగా చీలడాన్ని ఆపే మందు ఒకటి, పి.ఐ.త్రీ.కె. అనే దారికి ఇంకొకటి. 325 మంది మీద చేసిన పరీక్షలో రెండు మందులతో 7.3 నెలలు ఆగిన జబ్బు, మూడింటితో 15 నెలలు ఆగింది. బాగుంది. కానీ ఆ మూడో మందు రక్తంలో షుగరు పెంచుతుంది. షుగరుకు మందులు వాడుతున్నవాళ్ళను ఆ పరీక్షలో చేర్చుకోనేలేదు. మనవైపు ఏ ఇంట్లో షుగరు లేదో చెప్పండి! మందులు కలిస్తే వాటి బాధలూ కలుస్తాయి. ట్రాస్టుజుమాబ్ ఒక్కటే అయినా గుండెకు బాధ పెట్టొచ్చు, అది వాడేవాళ్ళకు మూడు నెలలకోసారి గుండెకు ఎకో తీసేది అందుకే.

ఖర్చు సంగతి అడుగుతారు. ట్రాస్టుజుమాబ్‌కు మన బెంగళూరులోనే తయారైన రూపం 2014 నుంచి ఉంది. కణం చీలడాన్ని ఆపే మందుల్లో మొదట వచ్చినదానికి 2023లో మన దేశంలో పేటెంటు తీరి, చాలా కంపెనీలు చేస్తున్నాయి. తక్కినవాటిలో చాలావి ఇంకా మనబోటివాళ్ళు అందుకోలేని ధరలోనే ఉన్నాయి, దాచడమెందుకు.

సరే, డబ్బా పట్టుకొచ్చిన ఆయన దగ్గరికి వస్తాను. టైమైపోతోందని అవతల గాజు వెనకనుంచి సైగ చేస్తున్నారు.

"ఆపరేషన్‌కు ముందు సూదితో ముక్క పరీక్ష చేయించినారా?" అని అడిగాను. చేయించారట, ప్రొద్దుటూరులో. అక్కడ ఆ సూది ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో పోతపోసి, బ్లాకు చేసి పెట్టుంటారు. అగ్గిపెట్టె కంటే చిన్నది. "అది తీసుకురా నాయనా, బతికిపోయినాం" అన్నాను. "గడ్డే తీసేసినారు గదా మేడమ్, ఇంకా ఆ ముక్కతో ఏం పని?" అన్నాడు. అయినా పోయాడు, సాయంత్రం బస్సుకు తెచ్చాడు. రంగు వేసి చూశాం. హెర్ టూ మూడు ప్లస్, అంటే హెర్ టూ బాగా ఎక్కువగా ఉంది.

ఇంతసేపూ నేను చెప్పిన మందులన్నీ ఆ మైనపు బ్లాకు మీద ఆధారపడి ఉన్నాయి. కాబట్టి ఒక్క పని చేయండి. మీ ఇంట్లో ఎవరికైనా రొమ్ము గడ్డ తీస్తే, రిపోర్టులో మూడు మాటలున్నాయేమో చూడండి: ఇ.ఆర్., పి.ఆర్., హెర్ టూ. మొదటి రెండూ అది హార్మోన్ల మీద పెరిగే రకమా కాదా అని చెప్పేవి. హెర్ టూ ఎదురుగా రెండు ప్లస్ అని ఉంటే అది అటూ ఇటూ కాని ఫలితం, ఫిష్ అనే ఇంకో పరీక్ష చేయాలి, అడగండి. డిశ్చార్జి అయ్యేటప్పుడు బ్లాకు ఎక్కడుందో అడగండి. ఇంకో ఊరి డాక్టరు దగ్గరికి పోతుంటే, ల్యాబులో సంతకం పెట్టి బ్లాకు తీసుకుపోండి.

ఆయన బ్లాకును పట్టాదారు పాసుపుస్తకంతో పాటు ఇనప్పెట్టెలో పెడతానన్నాడు. పెట్టుకోవచ్చు. అయితే వాళ్ళది రేకుల ఇల్లు. అటక మీద పెట్టొద్దు అని చెప్పి పంపాను, మన కడప ఎండకు రేకు కింద మైనం మెత్తబడుతుంది.

నమస్కారం.