290 వాట్ల పాత ఆఫీసు డబ్బాలో కొత్త గ్రాఫిక్స్ కార్డు: ఆప్టిప్లెక్స్ 9020లో ఆర్‌టీఎక్స్ 3050

నమస్తే అండి. టేబుల్ మీద ఉన్న ఈ నల్ల డబ్బా డెల్ ఆప్టిప్లెక్స్ 9020, టవర్ మోడల్. ఏదో ఆఫీసులో ఏళ్లతరబడి ఎక్సెల్ షీట్లు తెరిచి తెరిచి రిటైరైంది. ఇప్పుడు తెనాలిలో ఫొటో స్టూడియో నడిపే మా బావ దగ్గర రెండో ఉద్యోగం చేస్తోంది. లోపల ఐ5 4590 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. గ్రాఫిక్స్ కార్డు మాత్రం జీటీ 710. ఆల్బమ్ డిజైన్‌కి ఆ కార్డు చాలు. బావ పెళ్లి వీడియోలు కూడా ఒప్పుకోవడం మొదలెట్టాకే తంటా వచ్చింది. ఎక్స్‌పోర్ట్ పెట్టి భోజనానికి వెళ్లొచ్చినా గీత సగంలోనే ఉంటోందట. "మాఘమాసం ముహూర్తాలు వచ్చేలోపు కార్డు మార్చిపెట్టు బావా" అన్నాడు.

సరే, ఏ కార్డు? అందరూ ముందు జేబు చూసుకుంటారు. బ్రాండెడ్ పీసీలో ముందు చూడాల్సింది లోపల అన్నిటికీ కరెంటిచ్చే పవర్ సప్లై మీద అతికించిన స్టిక్కర్. కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి: 290 వాట్లు. పైగా దీన్నుంచి గ్రాఫిక్స్ కార్డు కోసం విడిగా వచ్చే 6 పిన్నుల వైరు లేదు. అంటే కార్డుకి కావాల్సిన కరెంటంతా మదర్‌బోర్డు స్లాట్ నుంచే రావాలి. ఆ స్లాట్ గరిష్ఠంగా ఇచ్చేది 75 వాట్లు. మన లెక్క అక్కడికే పరిమితం.

"సప్లై మార్చేస్తే పోలా?" అని మీరు అడుగుతారని తెలుసు. అసెంబుల్డ్ పీసీ అయితే మార్చేయొచ్చు. ఇక్కడ బోర్డుకి వెళ్లే ప్లగ్గు చూడండి, మామూలు 24 పిన్నులది కాదు, 8 పిన్నులది. డెల్, హెచ్‌పీ, లెనోవో ఆఫీసు మోడల్స్ చాలావాటిలో ఇలా ఎవరి ప్లగ్గు వాళ్లదే. కన్వర్టర్ కేబుళ్లు దొరుకుతాయి, పనిచేసేవీ ఉన్నాయి. కానీ సంపాదన తెచ్చిపెట్టే మిషన్ మీద ఆ ప్రయోగం నేను చెయ్యను. ఇక హార్డ్‌డిస్కులకి కరెంటిచ్చే సాటా పవర్ ప్లగ్గు నుంచి 6 పిన్నులకి మార్చే చిన్న వైరు ఉంటుందే, దాని జోలికి అసలు పోకండి. సాటా ప్లగ్గు 12 వోల్టుల లైన్ మీద మోయగలిగేది 54 వాట్లు, 6 పిన్నుల కార్డు 75 దాకా లాగొచ్చు. ముందు ప్లాస్టిక్ వాసన వస్తుంది, తర్వాత పొగ.

ఈ 75 వాట్ల గీత లోపల ఏమున్నాయో చూద్దాం. ఆర్‌ఎక్స్ 6400 తీసుకునేది 53 వాట్లే, గేములకి పర్వాలేదు. కానీ అందులో వీడియో ఎన్‌కోడర్, అంటే ఎక్స్‌పోర్ట్‌లో వీడియోని కుదించే భాగం, లేదు, అంటే బావకి అది అక్కర్లేని కార్డు. జీటీ 1030లోనూ ఎన్‌కోడర్ లేదు. జీటీఎక్స్ 1650 మంచిదే, 4 జీబీ. అయితే అదే పేరుతో 6 పిన్నులు అడిగే మోడల్స్ కూడా ఉన్నాయి, పెట్టె మీద బొమ్మ చూసి కొనేయకండి. సెకండ్ హ్యాండ్‌లో 1050 టీఐ కూడా చూపించారు. ఆ తరం కార్డులకి, వాటి చిప్ తయారుచేసే ఎన్విడియా 2025 అక్టోబరుతో గేమ్ రెడీ డ్రైవర్లు ఆపేస్తానని ముందే చెప్పింది, వదిలేశాం.

మేం తెచ్చింది ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీ. ఈ '6 జీబీ' అన్న ముక్క గట్టిగా గుర్తుపెట్టుకోండి. 2024లో వచ్చిన ఈ 6 జీబీది 70 వాట్లు, 2304 కోర్లు. అదే పేరుతో ఉన్న 8 జీబీది 130 వాట్లు, 2560 కోర్లు, దానికి విడిగా పవర్ ప్లగ్గు కావాలి. పేరొకటే, కార్డులు వేరు. షాపులో "ఇంకో 2 జీబీ ఎక్కువ వస్తుంది, తీసుకెళ్లండి సార్" అంటే మొహమాటపడి తెచ్చేసుకోకండి. మేం ఒకే ఫ్యాన్ ఉన్న పొట్టి మోడల్ ఎంచుకున్నాం. ఇంటి దగ్గరే టేపు పెట్టి స్లాట్ నుంచి ఎదురుగా ఉన్న డ్రైవ్ ఫ్రేమ్ దాకా కొలిచి మరీ వెళ్లాం.

ఇక బిగింపు. కరెంటు వైరు పీకేయండి, తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు కూడా పోతుంది. పక్కనున్న గొళ్లెం లాగితే తలుపు ఊడి వస్తుంది, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. ఆఫీసు మిషన్లలో నాకు నచ్చేది ఇదే. లోపల దుమ్ము చూశారా? స్టూడియో బ్యాక్‌డ్రాప్ తెరల నూగంతా ఇక్కడే ఉంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, గిరగిరా తిరగనివ్వద్దు. స్లాట్ చివరన చిన్న ప్లాస్టిక్ నొక్కు ఉంది, దాన్ని నొక్కకుండా పాత కార్డు లాగితే నొక్కు విరుగుతుంది. కొత్త కార్డు రెండు స్లాట్ల మందం కాబట్టి వెనక రెండు రేకులు తీయాలి. కార్డుని రెండు చివర్లా సమానంగా నొక్కండి... టక్! విన్నారా? ఆ చప్పుడు రాకపోతే కూర్చోనట్టే.

ఆన్ చేశాం. ఫ్యాన్ తిరిగింది. స్క్రీన్ నల్లగానే ఉంది. బావ ముఖం దానికంటే నల్లబడింది. 17 వేల చిల్లర పోసిన కార్డాయె. వెనక్కి తిరిగి సప్లై దగ్గరున్న చిన్న బటన్ నొక్కి చూశా, పచ్చ లైటు వెలిగింది. సప్లై బాగానే ఉందని అర్థం. కార్డు తీశా, మళ్లీ పెట్టా. ఇంకోసారి తీశా, ఇంకోసారి పెట్టా. పావుగంట తర్వాత గానీ వైరు వంక చూడలేదు నేను. బావ మానిటర్ పాతది, వీజీఏ ఒక్కటే ఉంది. జీటీ 710కి వీజీఏ ఉండేది, కొత్తదానికి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే. నేను కార్డు పట్టుకుని ఉండగా ఆయన వెనక్కి చెయ్యిపెట్టి, కనిపించిన వీజీఏ రంధ్రంలో దూర్చేశాడు. అది మదర్‌బోర్డుది! విడి కార్డు పెట్టాక బోర్డు మీది పోర్టు మామూలుగా పడుకుంటుంది. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ తెచ్చి పెడితే డెల్ లోగో వచ్చింది. పాత కార్డుకి డీవీఐ నుంచి వీజీఏకి పెట్టుకునే ఆ చిన్న మూతలాంటిది ఉంటుందే, అది ఇప్పటి కార్డులకి పనికిరాదు. వీటిలో అనలాగ్ సిగ్నలే ఉండదు, లోపల చిప్ ఉన్న కన్వర్టరే కావాలి.

డ్రైవర్ సంగతి క్లుప్తంగా. పాతదాన్ని సేఫ్ మోడ్‌లో డ్రైవర్లు తీసేసే డీడీయూ సాఫ్ట్‌వేర్‌తో తుడిచి, కొత్తది ఎన్విడియా సైట్ నుంచి వేశాం. కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ తెరిచి కోర్ల సంఖ్య 2304 ఉందో లేదో చూడండి. పేరు మార్చిన దొంగ కార్డులు మార్కెట్లో తిరుగుతున్నాయి.

మరి పనిలో తేడా ఉందా? ఎక్స్‌పోర్ట్‌లో ఉంది, బాగా ఉంది. ప్రాసెసర్ ఒంటరిగా మోసే బరువుని ఇప్పుడు కార్డులోని ఎన్‌కోడర్ మోస్తోంది. కలర్ కరెక్షన్ వేసినా టైమ్‌లైన్ కదులుతోంది. కానీ ఒక నిజం చెప్పాలి. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో 10 బిట్ 4:2:2లో, అంటే రంగుల వివరం ఎక్కువగా ఉండే పద్ధతిలో, షూట్ చేస్తే, ఆ ఫుటేజీని ఈ కార్డు హార్డ్‌వేర్‌తో విప్పలేదు. ఎన్విడియాలో ఆ సౌకర్యం ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. అప్పుడు భారమంతా మళ్లీ నాలుగు కోర్ల ముసలి ఐ5 మీదే పడుతుంది. ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్‌కి తేలికపాటి కాపీలు, చేసుకోవాలి, లేదా 4:2:0లో షూట్ చేసుకోవాలి. బావ రెండోది ఎంచుకున్నాడు. గేములు ఆడేవాళ్లకైనా ఇదే ప్రాసెసర్ అడ్డం పడుతుంది. ఇంతకంటే ఖరీదైన కార్డు ఈ డబ్బాలో పెడితే డబ్బు దండగ.

సన్న డబ్బా, అంటే ఎస్‌ఎఫ్ఎఫ్ మోడల్ ఉన్నవాళ్లు ఎత్తు తక్కువుండే లో ప్రొఫైల్ కార్డే తీసుకోవాలి, 3050 6 జీబీలో అవీ ఉన్నాయి. కొన్ని మోడల్స్‌లో పెద్ద స్లాట్ సప్లైని ఆనుకునే ఉంటుంది, రెండు స్లాట్ల మందం పట్టదు. తలుపు తీసి చూశాకే షాపుకి బయల్దేరండి.

పాత జీటీ 710ని అమ్మేస్తానంటే నేనే వద్దన్నా, బీరువాలో పెట్టించా. ఆ వీజీఏ కన్వర్టర్ పాడయ్యేదేదో సరిగ్గా ముహూర్తం రోజే పాడవుతుంది, నాకు తెలుసు.