పెన్సిల్ రుద్దుడులోంచి పుట్టిన అడవులు: సర్రియలిజం చేతిపని

[తెర మీద: రూపాయి బిళ్ళ, దాని మీద పల్చటి కాగితం. పెన్సిల్ వాల్చి రుద్దుతుంటే మూడు సింహాలు మెల్లగా పైకి తేలతాయి.]

నోటుపుస్తకం పేజీ కింద బిళ్ళ పెట్టి ఇలా రుద్దడం చిన్నప్పుడు అందరం చేసిన పనే. 1925 ఆగస్టులో మాక్స్ ఎర్నెస్ట్ అనే జర్మన్ చిత్రకారుడు ఫ్రాన్స్‌లో, సముద్రపు ఒడ్డున ఒక హోటల్ గదిలో నేల మీద కాగితాలు పరిచి ఇదే పని చేశాడు. ఎందుకు చేశాడో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

సర్రియలిజం అంటే బుద్ధి అదుపు తప్పించి, కలలనూ మనసు లోతులనూ కళలోకి తెచ్చిన ఉద్యమం. ఆ పేరు అనగానే సాల్వడార్ డాలీ బొమ్మలోని కరిగి వేలాడే గడియారాలే గుర్తొస్తాయి. అవి 1931 నాటివి. అసలు ఈ ఉద్యమం బొమ్మలతో మొదలవ్వలేదు, రాతతో మొదలైంది.

[తెర మీద: మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఆసుపత్రి వార్డు.]

తర్వాత ఈ ఉద్యమానికి నాయకుడైన ఆంద్రే బ్రెటన్ 1916లో వైద్య విద్యార్థి. సాఁ-దిజియేలోని సైనిక మానసిక వైద్యకేంద్రంలో, యుద్ధం దెబ్బకు మతి చెదిరిన సిపాయిల మధ్య పనిచేశాడు. ఫ్రాయిడ్ ఆలోచనలు అక్కడే అతనికి పరిచయమయ్యాయి. ఫ్రాయిడ్ పద్ధతిలో నోటికొచ్చింది వచ్చినట్టు రోగి చెప్పుకుపోవాలి, వైద్యుడు వినాలి. అదే ఏడాది జ్యూరిక్‌లో డాడా అనే ఉద్యమానికి చెందిన కళాకారులు అర్థం పర్థం లేని కవితలు కేకలేస్తూ చదువుతున్నారు. 1919లో బ్రెటన్, కవి ఫిలిప్ సూపో ఈ రెంటినీ కలిపారు. ఏం రాస్తున్నామో చూసుకోకుండా, దిద్దకుండా, కలం ఆపకుండా రాసుకుపోయారు.

‘సర్రియలిస్ట్’ అన్న మాట అప్పటికే ఉంది. 1917లో కవి అపోలినేర్ పుట్టించాడు. ఫ్రెంచిలో ‘సుర్’ అంటే పైన. తెలుగులో ‘అధివాస్తవికత’ అన్నవాళ్ళు మాటకు మాట సరిగ్గానే కుదిర్చారు. 1924 అక్టోబర్‌లో బ్రెటన్ ప్రకటన పత్రం వెలువడింది. అందులో చిత్రకారుల ప్రస్తావన ఎక్కడుందో తెలుసా? ఒక అడుగుసూచికలో!

1925 ఏప్రిల్‌లో అదే బృందంలోని పియెర్ నావిల్ ఇంకో అడుగు ముందుకేసి, సర్రియలిస్ట్ చిత్రలేఖనం అనేదే లేదని ఉద్యమ పత్రికలోనే రాసేశాడు. కొట్టిపారేయాల్సిన మాట కాదది. కలం పరుగెత్తినట్టు కుంచె పరుగెత్తదు. రంగులో ముంచాలి, గీయాలి, మళ్ళీ ముంచాలి. ముంచిన ప్రతిసారీ ధార తెగుతుంది. తెగిన చోట బుద్ధి వచ్చి కూర్చుని ‘ఇక్కడ చెట్టు వేద్దాం’ అంటుంది. ఆ తర్వాత వచ్చిన పద్ధతుల్లో చాలావాటిని ఈ చిక్కుకు విరుగుడుగా చూస్తేనే బాగా అర్థమవుతాయి.

చిత్రకారుడు ఆంద్రే మాసన్ కాగితం మీద సిరాతో ఆపకుండా గీయగలిగాడు. కాన్వాసు దగ్గరే చిక్కొచ్చింది. 1926 నాటికి కాన్వాసు మీద జిగురు పోసి, ఇసుక చల్లి, అంటుకోనిది దులిపేసి, మిగిలిన మరకలను బట్టి గీతలు గీశాడు. ఎర్నెస్ట్ దారి వేరు. గీయడమే మానేసి రుద్దాడు.

[తెర మీద: చెక్క పలక, గోనెసంచి ముక్క, రావి ఆకు.]

ఈ పద్ధతి పేరు ఫ్రొటాజ్. ఫ్రెంచిలో రుద్దడం అనే అర్థం. హోటల్ నేల చెక్కలను ఏళ్ళ తరబడి తోమి తోమి మెత్తటి భాగం అరిగిపోయి, ఈనెలు పైకి లేచాయి. మీరు చేయాలంటే 70 జీఎస్ఎం కాగితం, 6బీ పెన్సిల్ చాలు. పాత చెక్కను ఇనప బ్రష్షుతో ఈనె వెంబడి గట్టిగా తోమండి. కాగితం నాలుగు మూలలూ టేపుతో అంటించండి. పెన్సిల్‌ను పూర్తిగా వాల్చి, ఒకే వైపుకి రుద్దండి. మొన ఆనితే కాగితం చిరుగుతుంది. టేపు వేయకపోతే కాగితం జరిగి, బొమ్మ రెండుగా పడుతుంది. సన్‌మైకా అయితే పొద్దస్తమానం రుద్దినా ఏమీ రాదు. ఆకు అయితే వెనకవైపు పైకి పెట్టాలి, ఈనెలు ఉబ్బెత్తుగా ఉండేది అటే.

ఇంతవరకూ సగం పనే. కాగితాన్ని తలకిందులు చేసి చూడాలి. ఈనెల్లో పక్షి కనబడితే ఒక కన్ను పెట్టి ఆగాలి. ఎక్కువ దిద్దితే మళ్ళీ మామూలు డ్రాయింగే అవుతుంది. ఇలాంటి 34 బొమ్మలను ఎర్నెస్ట్ 1926లో అచ్చు వేయించాడు. కాన్వాసుకైతే రంగు పూసి, కింద తాళ్ళూ చెక్కలూ పెట్టి, కత్తితో గీకేశాడు. అతని అడవులు చాలావరకు అలా పుట్టినవే.

[తెర మీద: రెండు నున్నటి కాగితాలు. నల్లరంగు.]

నాకు వీటన్నిటికన్నా ఇష్టమైనది డెకాల్కమేనియా. పద్ధతి పాతదే. దాన్ని 1935 ప్రాంతంలో ఉద్యమంలోకి తెచ్చినవాడు చిత్రకారుడు ఆస్కార్ డొమింగెజ్. పోస్టర్ కలర్‌ను దోసెపిండి కంటే కాస్త పల్చగా కలపండి. ఆర్ట్ పేపర్ మీద అక్కడక్కడా ముద్దలుగా పెట్టి, పైన ఇంకో కాగితం పరిచి అరచేత్తో ఒత్తండి. ఇప్పుడు ఒక మూల పట్టుకుని మెల్లగా లేపండి.

[తెర మీద: కాగితం విడిపోతున్న అంచు, బాగా దగ్గరగా.]

ఆ అంచు చూడండి. చిక్కటి రంగులోకి గాలి పాయలు పాయలుగా చొరబడుతోంది. పాయలు చీలి కొమ్మలవుతాయి, పగడపు దిబ్బలవుతాయి. నీళ్ళు ఎక్కువైతే పాయలు నిలవకుండా మడుగు కడతాయి. తక్కువైతే రంగు మట్టిబెడ్డల్లా లేస్తుంది. మన ఎండల్లో, ఫ్యాన్ కింద, రంగు చూస్తుండగానే ఆరి కాగితాలు అతుక్కుపోతాయి. ఫ్యాన్ ఆపండి, ఒక చుక్క గ్లిజరిన్ కలపండి.

ఇదే పద్ధతిని ఎర్నెస్ట్ నూనెరంగులతో చేశాడు. 1940లో ఫ్రాన్స్‌లో మొదలుపెట్టి 1942లో అమెరికాలో ముగించిన ‘వాన తర్వాత యూరప్’ అనే బొమ్మలో శిథిలాలన్నీ ఇలా పుట్టిన పాయలే. ఆకాశం మాత్రం నున్నగా, చేత్తో వేసింది. ఆ నునుపు పక్కన ఉండబట్టే శిథిలాలు కుళ్ళినట్టు కనిపిస్తాయి.

డాలీది పూర్తిగా అవతలి ఒడ్డు. ఆ గడియారాల బొమ్మ 24 సెంటీమీటర్ల ఎత్తు, 33 వెడల్పు. ఏ4 కాగితం కంటే కాస్త పెద్దది, అంతే. సన్నకుంచెతో, ఫొటో అంత నున్నగా వేశాడు. యాదృచ్ఛికానికి చోటే లేదు. వ్యాపార ప్రకటనలకూ సినిమాలకూ ఎక్కువగా నచ్చిన దారి ఇదే. 1945లో సినిమా దర్శకుడు హిచ్‌కాక్ కూడా కల సన్నివేశం కోసం డాలీనే పిలిపించుకున్నాడు.

చిత్రకారులు మాత్రం మొదటి దారి, అంటే యాదృచ్ఛికాన్ని నమ్ముకునే దారి పట్టారు. నాజీల నుంచి తప్పించుకుని 1941లో బ్రెటన్, మాసన్, ఎర్నెస్ట్ న్యూయార్క్ చేరారు. ఎర్నెస్ట్ డబ్బాకు చిల్లు పొడిచి, తాడు కట్టి, కాన్వాసు మీద ఊపి రంగు కార్చాడు. 1947లో అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పోలాక్ కాన్వాసును నేల మీద పరిచి రంగు చిమ్మడం మొదలుపెట్టాడు. ఎవరి నుంచి ఎంత తీసుకున్నాడన్న వాదన ఇంకా తెగలేదు. కుంచెను మళ్ళీ మళ్ళీ ముంచే బాధ మాత్రం ఇక్కడ తప్పింది.

తెలుగులోకి ఇది ముందు కవిత్వంగానే వచ్చింది. కవి శ్రీరంగం నారాయణబాబు పేరు ఇక్కడ తప్పకుండా చెప్పుకోవాలి. పారిస్‌లోలాగే ఇక్కడా కలమే ముందు పరుగెత్తింది.

[తెర మీద: ఇందాకటి నల్లరంగు కాగితం, ఆరిపోయి.]

మెక్సికో చేరిన చిత్రకారిణి రెమెదియోస్ వారో ఇలాంటి పాయల మీదే వెంట్రుకంత సన్నటి కుంచెతో మనుషులను కూర్చోబెట్టింది. మీ కాగితం పూర్తిగా ఆరాక, అలాంటి కుంచెతో, ఒక మూల నుంచి మొదలుపెట్టండి.