గానుగా, రిఫైన్డా? ముందు మీ ఇంటి లీటర్లు చెప్పండి!

నమస్తే అండీ! గానుగ నూనె వాళ్లు ఒకవైపు, రిఫైన్డ్ నూనె వాళ్లు ఒకవైపు. గానుగ వాళ్లు రిఫైన్డ్ విషం అంటారు, రిఫైన్డ్ వాళ్లు గానుగ ధర దోపిడీ అంటారు. ఈ గొడవ మీకు కొత్త కాదు, మళ్లీ మొదట్నుంచి చెప్పను. నేను అడిగేది ఒక్కటే. మీ ఇంట్లో నెలకు ఎన్ని లీటర్లు అవుతోంది?

లెక్క ఇదీ. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కిలో క్యాలరీలు తినే మనిషికి నూనెలు, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. అంటే రెండు పెద్ద చెంచాలు, 30 మిల్లీలీటర్లు. నలుగురు పెద్దవాళ్లకి నెలకు మూడున్నర లీటర్లు! ఆవకాయ మీద తేలే నూనె, ముద్దపప్పులో నెయ్యి కూడా అందులోనే.

మరి ఐదు లీటర్ల క్యాన్ నెలాఖరుకు ఖాళీ అవుతోందా? ఒకటిన్నర లీటరు ఎక్కువ వాడుతున్నారు. అంటే ఒక్కొక్కరికి రోజూ సుమారు 100 కిలో క్యాలరీలు అదనం. గానుగదైనా రిఫైన్డ్‌దైనా గ్రాముకి 9 కిలో క్యాలరీలే అండీ! లీటరుకి రెట్టింపు డబ్బు పోసి కొన్నారని నడుము కొలత తగ్గదు.

ఇంకోటి, "కొలెస్ట్రాల్ లేదు" అని ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో వేస్తారే, చూస్తే ఒళ్లు మండుతుంది. కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే కొవ్వులో ఉంటుంది. వేరుశనగలో, పొద్దుతిరుగుడులో అసలు ఎక్కడిది? లేనిదాన్ని లేదని చెప్పి అమ్ముతున్నారు, మనం ధైర్యంగా ఇంకో గరిటె పోస్తున్నాం.

నేను చెప్పేది ఒకటే: తప్పు నూనె రకంలో కాదు, ప్యాకెట్‌లోంచి నేరుగా మూకుట్లోకి వంచడంలో ఉంది. చెయ్యి ఎప్పుడూ ఎక్కువే పోస్తుంది. పొద్దున్నే 120 మిల్లీలీటర్లు కొలిచి ఒక సీసాలో పోసుకోండి, నలుగురికి రోజంతా అదే. దోసెకి ఒక చిన్న చెంచా, 5 మిల్లీలీటర్లు. ఎనిమిది దోసెలకే మూడోవంతు అయిపోయింది! అది కళ్లతో చూస్తేనే మధ్యాహ్నం వేపుడికి చెయ్యి ఆగుతుంది.

"నూనె తేలకపోతే అది గుత్తి వంకాయేంటి?" అంటారు. పచ్చి వంకాయ స్పాంజిలా నూనె పీల్చేస్తుంది, అందుకే మళ్లీ మళ్లీ పోస్తారు. నాలుగు పక్షాలుగా కోసి, ఇడ్లీ పాత్రలో ఐదారు నిమిషాలు ఆవిరి పట్టండి. గుజ్జు మెత్తబడ్డాక అంత పీల్చదు. అరకిలోకి రెండు పెద్ద చెంచాలు చాలు, కూరిన పొడిలోని పల్లీలు, నువ్వులు కూడా నూనె వదులుతాయి. బెండకాయలైతే కడిగి, తడి తుడిచాకే కొయ్యండి. మూత పెట్టొద్దు, ఉప్పు చివర్లో వెయ్యండి. ముందే వేస్తే నీరు దిగి, జిగురొచ్చి, ముక్కలు అంటుకుంటాయి. అప్పుడు విడగొట్టడానికని ఇంకో రెండు చెంచాలు!

గారెలు మానేయమనడం లేదు. పిండి చిటికెడు వేస్తే వెంటనే పైకి తేలాలి. నూనె సరిగా కాగకపోతే పైపొర గట్టిపడేలోపు లోపలికి పీల్చుకుంటుంది. మూకుడు నిండా ఒకేసారి వేసినా వేడి పడిపోయి అదే జరుగుతుంది. పిండి జారుగా రుబ్బితే ఇంకా ఎక్కువ. వేయించే ముందు, తర్వాత నూనె కొలవండి, తగ్గినదంతా మీరు తిన్నదే.

ఇక్కడ మాత్రం నూనె రకం చూడాలి. గానుగ నూనె తక్కువ వేడికే పొగలొస్తుంది, దాన్ని పోపుకీ పచ్చళ్లకీ ఉంచండి. కాగిన నూనె వడకట్టి ఒకట్రెండు రోజుల్లో కూరల్లో వాడెయ్యండి, దాంట్లో కొత్త నూనె కలిపి మళ్లీ బజ్జీలు వెయ్యొద్దు. కాచిన కొద్దీ నూనె విరిగి పోలార్ పదార్థాలు, అంటే నూనె పాడవడం వల్ల పుట్టేవి, పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధనే ఉంది. రంగు నల్లబడి, చిక్కబడి, నురగ ఆగకుండా వస్తోందంటే పారబోయండి.

ఇప్పుడు సరుకుల చీటీ తీసి, ఇంట్లో ఎంతమంది, నెలకు ఎన్ని లీటర్లు, రెండూ కామెంట్‌లో పెట్టండి. నలుగురికి ఐదు దాటినవాళ్లు ఏ వంటకి ఎక్కువ పోతోందో కూడా రాయండి, వచ్చే వీడియోలో ఆ వంటే కొలతలతో చేసి చూపిస్తా.